డైపర్ లైను మీద పేటెంటు పేచీలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

డైపర్లు, శానిటరీ ప్యాడ్లు తయారుచేసే చిన్న యూనిట్ల నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. దాదాపు అందరూ అడిగింది ఒకటే: "తెలిసిన పనే కదా, దీనికి పేటెంటేమిటి?" చట్టం సంగతులు ఒక పేటెంటు ఏజెంటు, మెషీను సంగతులు ఒక ప్రొడక్షన్ ఇంజనీరు రాశారు.

ప్రశ్న: మాది కడప దగ్గర కొప్పర్తి. చైనా నుంచి ప్యాంటు రకం బేబీ డైపర్ లైను తెప్పించి నడుపుతా ఉన్నాం. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ లాయరు నోటీసు పంపించినాడు. నడుము ఎలాస్టిక్‌ను 220 నుంచి 280 శాతం సాగదీసి అతికించడం, కోర్ (తడిని పీల్చే మధ్య భాగం) ఉన్నచోట మాత్రం ఆ ఎలాస్టిక్‌ను తెంపేయడం, తర్వాత మడిచి పక్కలను అల్ట్రాసోనిక్‌తో అతికించడం, ఈ పద్ధతి మొత్తం తమ పేటెంటంట. లైను ఆపమంటున్నారు. మా ఫిట్టరేమో "ఇది అందరూ చేసేదే సార్, ఇందులో కొత్తేముంది" అంటాడు. ఆ మాట కోర్టులో నిలుస్తుందా?

జవాబు: నిలవచ్చు, కానీ ఫిట్టరు అన్న తీరుగా అంటే నిలవదు. పని తెలిసిన మనిషికి సులువుగా తట్టే మార్పుకు పేటెంటు దక్కకూడదని 1970 పేటెంటు చట్టంలోని సెక్షన్ 2(1)(జేఏ) చెబుతుంది. దీన్నే వాడుకలో ఆబ్వియస్‌నెస్ పాయింటు అంటారు. పేటెంటు ఇచ్చినంత మాత్రాన అది చెల్లుతుందని ప్రభుత్వం పూచీ పడదని సెక్షన్ 13(4)లో ఉంది. కాబట్టి ఎదురు తిరిగే హక్కు మీకుంది. "అందరూ చేసేదే" అన్నప్పుడు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది కాగితం మీద చూపించాలి, అంతే. ఆ "ఎప్పుడు" అన్నదాన్ని లెక్కగట్టేది నోటీసు తేదీ నుంచి కాదు, పేటెంటు మంజూరైన తేదీ నుంచీ కాదు. దరఖాస్తు ప్రయారిటీ తేదీ ఒకటుంటుంది, అంటే ఆ ఆవిష్కరణకు మొట్టమొదట దరఖాస్తు వేసిన తేదీ, దానికి ముందే బయట ఉన్న సంగతి కావాలి. మంజూరు తేదీ చూసుకుని, దానికి ఏడాది ముందటి కేటలాగు పట్టుకొచ్చి ధీమాగా కూర్చునేవాళ్లు చాలామంది. దరఖాస్తుకూ మంజూరుకూ మధ్య నాలుగైదేళ్లు గడవడం మామూలే, ఆ కేటలాగు ఎందుకూ కొరగాదు.

ముందు నోటీసులోని నంబరు తీసుకుని పేటెంటు ఆఫీసు వారి ఇన్‌పాస్ సైట్లో వెతకండి, ఖర్చేమీ లేదు. అది భారత పేటెంటేనా, దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు దాటిందా, రెన్యువల్ ఫీజులు కట్టారా చూడండి. ఫీజు మూడో ఏడాది నుంచి ఏటా పడుతుంది. కట్టక లాప్స్ అయినా 18 నెలల్లోపు మళ్లీ బతికించుకునే దారి ఉంది కాబట్టి, లాప్స్ అని కనిపించగానే గంతులేయకండి.

తర్వాత స్పెసిఫికేషన్ (ఆవిష్కరణను వివరించే పత్రం) చివర ఉండే క్లెయిములు. బొమ్మలు, వివరణ ఎంత పొడుగున్నా హక్కు పరిధిని తేల్చేది క్లెయిమే. అందులో మొదటిదాన్ని ముక్కలు చేసి ఒక పట్టిక గీయండి. ఎడమ గడిలో క్లెయిములోని ఒక్కో దశ, పక్క గడిలో మీ లైను మీద జరిగేది, ఆ పక్కన పాత కాగితాల్లో దొరికినది. ఒక్క దశ మీ లైనులో లేకపోయినా ఉల్లంఘన వాదనే బలహీనపడుతుంది, ఆబ్వియస్ దాకా పోవాల్సిన అవసరమే రాకపోవచ్చు.

మీ కేసులో మొదట చూడాల్సింది ఆ 220–280 శాతం. అంకె చిన్నదే గానీ తికమక పెద్దది. ఎలాస్టిక్ ఫీడ్ రోలరు నిమిషానికి 100 మీటర్లు వదులుతుంటే, నాన్‌వోవెన్ (నేయకుండా చేసిన గుడ్డ) 350 మీటర్ల వేగంతో పోతుంటే, డ్రా, అంటే ఆ రెండు వేగాల నిష్పత్తి, 3.5 అవుతుంది. అంటే మీటరు ఎలాస్టిక్ దారం మూడున్నర మీటర్లయింది, సాగుదల 250 శాతం. ఆపరేటరు స్క్రీన్ మీద "2.5" అని కనిపిస్తే అది 250 శాతం కాదు, 150 శాతమే. మీ మెషీను స్క్రీన్ డ్రా చూపిస్తోందా, సాగుదల చూపిస్తోందా మాన్యువల్లో చూసి తేల్చుకోండి. స్క్రీన్‌ను నమ్మకుండా రెండు రోలర్ల ఉపరితల వేగం టాకోమీటరుతో కొలిచి, తేదీ వేసి రాసిపెట్టుకోండి. పాత పేటెంట్లు చదివేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఒకదాంట్లో డ్రా నిష్పత్తి, ఇంకోదాంట్లో శాతం రాస్తారు. రెంటినీ కలిపేసి "అదే అంకె" అని వాదిస్తే అవతలి ఎక్స్‌పర్టు ఒక్క ప్రశ్నతో మీ వాదనను పడగొడతాడు.

పాత కాగితంలో 200–300 శాతం అని ఉండి, వీళ్లు అందులోంచి 220–280 మాత్రం ఎంచుకుంటే, ఆ చిన్న పరిధిలో ప్రత్యేకంగా ఏం జరుగుతుందో చూపాల్సిన అవసరం వాళ్లకు వస్తుంది. స్పెసిఫికేషన్లో 210 దగ్గర, 290 దగ్గర చేసిన పోలిక పరీక్షలున్నాయా చూడండి. లేకపోతే ఆ అంకె అలంకారమేనని గట్టిగా వాదించవచ్చు.

ఇక ఎలాస్టిక్ తెంపడం. అసలు గొడవ తేలేది ఇక్కడే. నడుము చుట్టూ పోయే దారాలు కోర్ మీదుగా కూడా పోతే అవి ముడుచుకున్నప్పుడు పల్ప్ కోర్ కూడా ముడతపడుతుంది. ప్యాడ్ ముద్దకట్టి, మూత్రం ఒక పక్కకు చేరి కారిపోతుంది. అందుకే కోర్ ఉన్న భాగంలో దారాలకు జిగురు వేయకుండా, అక్కడ వాటిని తెంపి వెనక్కి లాగుకునేలా చేస్తారు. చెప్పడానికి ఒక వాక్యమే. చేసేటప్పుడు మాత్రం కత్తి రోలరు, దానికి ఎదురుగా ఆనిక ఇచ్చే అన్విల్ రోలరు మధ్య సందు కాస్త ఎక్కువైతే దారం తెగదు, తక్కువైతే దారంతో పాటు కింది ఫిల్ముకు గాటు పడుతుంది. ఆ గాటు కంటికి కనపడదు, డైపరు కట్టిన తర్వాత కారుతుంది. వాళ్ల క్లెయిము "దారం తెంపడం" అని ఊరికే అంటుందా, "ఫిల్ము తెగకుండా ఫలానా కోణంలో, మధ్యమధ్య ఖాళీలున్న బ్లేడుతో తెంపడం" అంటుందా? మొదటిదైతే పాత పేటెంట్లలో దొరికే అవకాశం బాగా ఉంది. రెండోదైతే ఆ సమస్యను వాళ్లే కనిపెట్టి తీర్చారేమో నిజాయితీగా చూడాలి. పాత కాగితమేదైనా "తెంపితే ఫిల్ము పాడవుతుంది, ఆ దారి వద్దు" అని రాసి ఉంటే అది మీకు ఎదురు సాక్ష్యమవుతుంది. వద్దన్న దారిలో పోయి గెలిచాడంటే అది సులువుగా తట్టిన పని కాదని వాళ్లు వాదిస్తారు.

మడవడం, పక్కలు అల్ట్రాసోనిక్‌తో అతికించడం మీద ఎక్కువ సమయం పెట్టకండి. ప్యాంటు రకం డైపరు కొత్తదేమీ కాదు, అమెరికాలో పుల్ అప్స్ 1989లోనే వచ్చాయి.

పాత సాక్ష్యాలు రెండు రకాలు. అచ్చులో వచ్చింది ప్రపంచంలో ఎక్కడిదైనా పనికొస్తుంది. జపాన్ పేటెంటు, జెనీవాలో జరిగే ఇండెక్స్ ప్రదర్శనలో పంచిన బ్రోషరు, మెషీను కంపెనీ కేటలాగు, ఏదైనా సరే. "వాడుకలో ఉంది" అన్నదానికి మాత్రం వాడుక భారతదేశంలో ఉండాలి. చైనాలో ఏదో ఫ్యాక్టరీలో పదేళ్లుగా నడుస్తోందంటే ఆ వాడుక ఒక్కటే లెక్కకు రాదు, దాన్ని గురించి అచ్చయిన కాగితం లెక్కకు వస్తుంది. మీకు లైను అమ్మినవాళ్లకు వెంటనే రాసి పాత డ్రాయింగులు, తొలి డెలివరీ కాగితాలు, తేదీలున్న మాన్యువళ్లు అడగండి. కొనుగోలు ఒప్పందంలో మేధోహక్కుల పేచీ వస్తే మేమే భరిస్తామన్న షరతు ఉందేమో చదవండి. తర్వాత కొనబోయేవాళ్లు బయానా ఇచ్చే ముందే ఆ షరతు రాయించుకోండి.

దావా పడితే సెక్షన్ 64(1)(ఎఫ్) కింద పేటెంటు రద్దు కోరుతూ కౌంటర్ క్లెయిము (ఎదురు దావా) వేయవచ్చు. దావా జిల్లా కోర్టులో మొదలైనా, కౌంటర్ క్లెయిము వేయగానే మొత్తం హైకోర్టుకు బదిలీ అవుతుంది (సెక్షన్ 104). ఈ ఖర్చు ముందే లెక్కేసుకోండి. నోటీసు ఆధారం లేని బెదిరింపైతే సెక్షన్ 106 కింద మీరే దావా వేసి ఆపించవచ్చు. కాకపోతే "మాకు ఫలానా పేటెంటు ఉంది" అని తెలియజేయడం ఒక్కటే బెదిరింపు కింద రాదు. "లైను ఆపండి, లేకపోతే..." అన్న వాక్యం ఎలా రాశారో లాయరుకు చూపించండి. నోటీసుకు జవాబు ఇవ్వకుండా మాత్రం ఉండకండి. ఫిట్టరు చేత ఫోనులో జవాబు చెప్పించకండి కూడా.

ప్రశ్న: అమెరికా పేటెంటు చూపించి మా ప్యాడ్లను అమ్మొద్దంటున్నారు. అమ్మొచ్చా? (కడప)

జవాబు: ఇక్కడ ఇక్కడి పేటెంటే చెల్లుతుంది. అమెరికా పేటెంటు ఆంధ్రలో అమ్మకాన్ని ఆపలేదు. అదే ఆవిష్కరణకు భారత దరఖాస్తు ఉందేమో చూడండి, పీసీటీ (అంతర్జాతీయ పేటెంటు దరఖాస్తు) దారిలో వచ్చేవాళ్లకు 31 నెలల గడువుంది కనుక ఆలస్యంగా కనపడవచ్చు. మీరు అమెరికాకు ఎగుమతి చేస్తే అక్కడి పేటెంటు మిమ్మల్ని పట్టుకుంటుంది. ఇంకొకటి, ఇక్కడ పద్ధతి మీద పేటెంటు ఉంటే, ఆ పద్ధతిలో బయట తయారై దిగుమతైన సరుకును కూడా ఆపవచ్చు (సెక్షన్ 48).

ప్రశ్న: నేను రాయదుర్గంలో జీన్స్ యూనిట్ల మెషీన్లు రిపేరు చేస్తా ఉంటా. అనంతపురంలో ఒక ప్యాడ్ యూనిట్టు వాళ్లకు ఎలాస్టిక్ బిగువు ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చిన్న పరికరం చేసిచ్చినా. లోడ్ సెల్ బిగువు చూస్తాది, సర్వో మోటరు ఫీడ్ రోలరును సరిచేస్తాది. రీలు అయిపోయే కొద్దీ బిగువు మారే బాధ పోయింది. దీనికి పేటెంటు వస్తాదా?

జవాబు: మీరు రాసినంత వరకే అయితే కష్టం. బిగువు కొలిచి మోటరును సరిచేయడం వస్త్ర యంత్రాల్లో, కాగితం మిల్లుల్లో, కేబుల్ లైన్లలో ఏనాటి నుంచో ఉంది. రీలు వ్యాసం తగ్గుతుంటే బిగువు మారడం కూడా తెలిసిన సమస్యే. తెలిసిన సమస్యకు తెలిసిన మందు, అది కూడా తెలిసిన ఫలితమే ఇచ్చింది.

ఈ విషయంలో మన సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఇప్పటికీ ప్రతి కేసులో వినిపిస్తుంది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్, 1978 డిసెంబరులో వచ్చింది. గిన్నెలను లేత్ మీద తిప్పేటప్పుడు అవి జారిపోకుండా పట్టే ఏర్పాటు మీద పేటెంటది. లేత్‌లో పనిముక్కను అవతలి చివర ఆన్చి పట్టే పాత టెయిల్‌స్టాక్‌కే చిన్న మార్పు చేశారు, అది వర్క్‌షాపు మెరుగే తప్ప ఆవిష్కరణ కాదని కోర్టు రద్దు చేసింది. మీ పరికరం చూసిన ఎగ్జామినరు మొదట తీసేది ఈ తీర్పునే. ఆ వెంటనే సెక్షన్ 3(ఎఫ్) కూడా వేస్తాడు: తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, ఏది దాని పని అది చేసుకుపోతుంటే అది ఆవిష్కరణ కాదు.

అయితే ఒక సంగతి చూడండి. ఎలాస్టిక్ లైన్లలో అసలు బాధ బిగువు ఒక్కటే కాదు, జారుడు. సాగదీసి అతికించిన దారం కొన్ని గంటల్లో జిగురులోంచి మెల్లగా వెనక్కి జారుతుంది. చివరలు వదులైపోయి తొడ దగ్గర కారుతుంది. పరీక్ష తేలికే. అతికించిన దారాన్ని పూర్తిగా చాపి, దాని మీద 200 మిల్లీమీటర్లు గీతలు పెట్టి, ఆ చాపు అలాగే ఉంచి చివరలు కత్తిరించి, 38 డిగ్రీల దగ్గర నాలుగు గంటలుంచి మళ్లీ కొలవాలి. ఎంత తగ్గితే అంత జారుడు. జిగురు వేడి కాస్త తగ్గినా, స్ప్రే గ్రాములు తగ్గినా ఇది పెరుగుతుంది. వేడి మరీ పెంచితే ట్యాంకులో జిగురు మాడి నాజిల్ పూడుకుపోతుంది. ఒకవేళ మీ పరికరం జిగురు వేడి సంకేతం తీసుకుని, వేడి తగ్గినప్పుడు దారం బిగువును తగ్గించి, ఆ విధంగా జారుడును అదుపు చేస్తోందనుకోండి. అప్పుడు రెండు భాగాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి పనిచేస్తున్నాయి, వర్క్‌షాపు మెరుగన్న మాటకు ఎదురు చెప్పడానికి చోటుంటుంది. నిజంగా అలా చేస్తోందా, లేక బిగువు ఒక్కటే చూస్తోందా? మీ ఉత్తరంలో తెలియలేదు. రెండోదైతే డబ్బు పేటెంటు మీద పెట్టకుండా ఇంకో నాలుగు పరికరాలు చేసి అమ్ముకోండి, లాభం అందులోనే ఎక్కువ.

అన్నట్టు, యూనిట్టులో పెట్టేసి నడుపుతున్నారంటే అది ఇప్పటికే వాడుకలోకి వచ్చినట్టు. అక్కడికి ఎవరెవరు వచ్చి చూశారు, గోప్యంగా ఉంచుతామని వాళ్లు రాసిచ్చారా అన్నది ఏజెంటు ముందుగా అడుగుతాడు.

ప్రశ్న: ఒక కంపెనీ డైపర్ లైను మీద వేసిన దరఖాస్తు ఈ మధ్యే పబ్లిష్ అయింది. అదే పద్ధతి నేను అంతకు ముందే యూట్యూబ్ వీడియోలో చూశాను. మంజూరు కాకముందే అడ్డుకోవచ్చా? (కర్నూలులో మెషీన్ల డీలరు)

జవాబు: అడ్డుకోవచ్చు. పబ్లిష్ అయ్యాక, మంజూరు కాకముందు, ఎవరైనా సెక్షన్ 25(1) కింద అభ్యంతరం వేయవచ్చు. మీకు అందులో సొంత ప్రయోజనం ఉండాలన్న నియమం లేదు. ఫారం 7ఏ, దానితో పాటు వాదన, సాక్ష్యాలు. 2024 మార్చిలో నియమాలు మారాక దీనికి ఫీజు కూడా పెట్టారు, అంతకు ముందు లేదు. పైగా ఇప్పుడు మీ అభ్యంతరం విచారించదగ్గదో కాదో కంట్రోలరు (పేటెంటు ఆఫీసు అధికారి) మొదటే చూస్తాడు, కాబట్టి "పాతదే" అని ఒక పేజీ రాసి పంపితే అక్కడికక్కడే పోతుంది. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై గిండీలోని ఆఫీసు పరిధిలోకి వస్తాయి. ఆ కంపెనీ ఎక్కడిదో దాన్నిబట్టి దరఖాస్తు వేరే ఆఫీసులో ఉండవచ్చు, ఏ ఆఫీసో నంబరు చూసి తెలుసుకోండి. అన్నీ ఆన్‌లైన్లోనే వేయవచ్చు.

పబ్లిష్ అయిన ఆరు నెలల వరకు మంజూరు చేయరు. ఆ ఆరు నెలలే మీకు భరోసాగా దొరికే కాలం, తర్వాత ఎప్పుడైనా మంజూరు కావచ్చు. దాటిపోతే మంజూరు ప్రచురణ తేదీ నుంచి ఏడాదిలోపు సెక్షన్ 25(2) కింద అభ్యంతరం వేసే దారి ఉంది, కానీ అక్కడ ఆ వ్యాపారంలో ప్రయోజనం ఉన్నవాళ్లే వేయాలి, ముగ్గురు సభ్యుల బోర్డు చూస్తుంది.

వీడియో గురించి. లింకు పంపితే చాలదు. అప్‌లోడ్ తేదీ, చానెల్ పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి, వీడియో దించుకోండి, ఏ నిమిషం ఏ సెకనులో క్లెయిములోని ఏ దశ కనిపిస్తోందో ఒక పట్టికలో రాయండి. కోర్టుదాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అవసరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అది సెక్షన్ 63. వీడియోలతో ఉండే తలనొప్పి ఇంకోటి: మెషీను నడుస్తుంది గానీ లోపల జరిగేది కనపడదు. కోర్ తయారయ్యే డ్రమ్ముకు మూత ఉంటుంది, జిగురు స్ప్రే పొగలాగా కనిపిస్తుంది, అంకెలు ఉండవు. వీడియోలో కనపడని దశకు వేరే కాగితం వెతకాలి. అప్పుడు "రెండూ కలిపితే ఆబ్వియస్" అన్న వాదన వస్తుంది, ఆ రెంటినీ పని తెలిసినవాడు ఎందుకు కలుపుతాడో కూడా రాయాలి. ఎక్కువ అభ్యంతరాలు ఓడిపోయేది ఈ "ఎందుకు" రాయకపోవడం వల్లే.

ప్రశ్న: ఆదోనిలో మాకు జిన్నింగు మిల్లుంది. డైపర్లలో వాడే చెక్క పల్ప్ దిగుమతి చేసుకుంటారు కదా, దానికి బదులు దూది వ్యర్థం, లింటరు (గింజకు అంటుకుని ఉండే పొట్టి నార) వాడి ప్యాడు చేస్తే పేటెంటు తీసుకోవచ్చా?

జవాబు: "పల్ప్ బదులు దూది" అన్న ఒక్క మాటకైతే రాదు. దూది నీళ్లు పీలుస్తుందని, ప్యాడ్లలో వాడతారని ఎవరికి తెలియదు! తెలిసిన పదార్థం స్థానంలో తెలిసిన పదార్థం పెట్టి, ఊహించిన ఫలితమే వస్తే అది ఆబ్వియస్.

కానీ మీరు దీన్ని మెషీను మీదికి ఎక్కించి చూస్తే కొత్తదనం ఎక్కడ దొరకవచ్చో తెలుస్తుంది. చెక్క పల్ప్ నార రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. హ్యామర్ మిల్లులో విడిపోయి, జల్లెడ దాటి, వాక్యూమ్ డ్రమ్ము మీద దుప్పటిలా పరుచుకుంటుంది. స్పిన్నింగ్ మిల్లులో వచ్చే కోంబరు వ్యర్థం అంతకు ఎన్నో రెట్లు పొడుగు. హ్యామరుకు చుట్టుకుంటుంది, జల్లెడ దగ్గర తాళ్లలా మెలికపడుతుంది, డ్రమ్ము మీద ఉండలు పడుతుంది. ఉండ ఉన్నచోట కోర్ గట్టిగా, పక్కన పలచగా. ఆ పలచటి చోటినుంచే కారుతుంది. లింటరు పొట్టిది కాబట్టి కొంత నయం, కానీ గింజ తునకలు వస్తాయి, అవి ఫిల్ముకు సూదిబెజ్జాలు వేస్తాయి. ఇవి కాక, పచ్చి దూది మీద సహజంగా మైనం ఉంటుంది. కాస్టిక్ సోడాతో ఉడికించి, పెరాక్సైడుతో తెలుపు చేస్తే తప్ప నీరు పీల్చదు, పైన తేలుతుంది.

ఈ బాధల్లో ఏదో ఒకదాన్ని మీరు కొత్త రీతిలో తీరిస్తే, ఉదాహరణకు దూది ఉండకట్టకుండా జల్లెడ ముందు ఏదైనా ఏర్పాటు, లేదా ఫలానా పొడవుకు తరిగిన దూది ఫలానా పాళ్లలో కలిపితే జెల్ కూడా మేలుగా పనిచేయడం, పేటెంటు దాని మీద రావచ్చు. జెల్ సంగతి ఎందుకంటున్నామంటే, సోడియం పాలీయాక్రిలేట్ రేణువులు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటే మధ్యన దారి మూసుకుపోయి, తర్వాత వచ్చిన ద్రవం లోపలికి దిగదు. దూది నార ఆ దారిని తెరిచి ఉంచుతుందని మీరు రుజువు చేయగలిగితే అది ఎవరూ ఊహించని ఫలితం కిందికి రావచ్చు.

రుజువు అంటే పోలిక. లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు కలపండి. మామూలు పల్ప్ కోర్ ప్యాడ్లు ఇరవై, మీవి ఇరవై, జెల్ బరువు రెండిట్లోనూ సమానం. అది సమానంగా లేకపోతే మొత్తం శ్రమ వృథా, ఎందుకంటే పీల్చేది చాలావరకు జెల్లే. ఒక్కో ప్యాడు మీద 60 మిల్లీలీటర్ల చొప్పున, పది నిమిషాల ఎడంతో మూడుసార్లు పోయండి. ప్రతిసారీ ద్రవం లోపలికి దిగడానికి పట్టిన సెకన్లు రాయండి. పల్ప్ కోర్‌లో మూడోసారి సమయం బాగా పెరుగుతుంది, అసలు పోలిక అక్కడే. చివరి పోత తర్వాత పది నిమిషాలు ఆగి, ముందే తూచిన ఫిల్టరు కాగితాల దొంతర పెట్టి, పైన బరువుంచి రెండు నిమిషాల తర్వాత కాగితాలను మళ్లీ తూచండి. ఎంత బరువు పెరిగితే అంత తిరిగి తడి వచ్చిందన్నమాట. విడిగా జెల్‌ను కొలవాలంటే టీ సంచిలో పోసి 30 నిమిషాలు నానబెట్టి, 250 జీ (భూమ్యాకర్షణకు 250 రెట్లు) దగ్గర మూడు నిమిషాలు సెంట్రిఫ్యూజ్ తిప్పి తూచే పద్ధతి పరిశ్రమలో వాడుకలో ఉంది.

బాగా రాని ప్యాడ్ల అంకెలు కూడా స్పెసిఫికేషన్లో పెట్టండి. ఏ పాళ్ల దగ్గర మేలు ఆగిపోతుందో చూపించిన దరఖాస్తుకు ఉన్న బలం, అంతా అద్భుతమే అని రాసినదానికి ఉండదు. శానిటరీ ప్యాడ్లుగా అమ్మేటట్టయితే ఐఎస్ 5405 ప్రమాణం కూడా చూసుకోండి, అది పేటెంటుతో సంబంధం లేని వేరే గడప.

ప్రశ్న: మా పొదుపు సంఘం ప్యాడ్లు కొత్త మడత పద్ధతితో చేస్తున్నాం. అనంతపురంలో స్టాలు పెట్టి అమ్మినాం. ఇప్పుడు పేటెంటు వేయొచ్చా అమ్మా?

జవాబు: అమ్మిన సరుకు చూసి ఆ మడత తెలిసిపోతుందంటే చాలా కష్టం తల్లీ. ప్రదర్శనలో పెట్టినా నష్టం లేకుండా సెక్షన్ 31 కాపాడుతుంది, కానీ అది కేంద్ర ప్రభుత్వం గెజిట్లో ప్రకటించిన ప్రదర్శనలకే, అది మొదలైన 12 నెలల్లోపు దరఖాస్తు వేస్తేనే. మామూలు స్టాలుకు వర్తించదు. ఇకముందు కొత్తది చేస్తే స్టాలుకు ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్లో ఫీజు 1,600 రూపాయలు, పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలల గడువు.

ప్రశ్న: కర్నూలులో జూనియర్ లాయర్ని. "రెండు పాత పేటెంట్లు కలిపితే ఇదే వస్తుంది" అని వాదించాలంటే కోర్టు ఏం చూస్తుంది? అమెరికాలో డైపర్ల మీద పెద్ద కేసులు నడిచాయట, అవి చెప్పవచ్చా?

జవాబు: ఇక్కడ మొదట పట్టుకోవాల్సింది ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2015లో మందుల కంపెనీలు రోష్, సిప్లా కేసులో చెప్పిన వరస. పని తెలిసిన సాధారణ మనిషి ఎవరో గుర్తించాలి, పేటెంటులోని అసలు ఆలోచనేమిటో తేల్చాలి, ప్రయారిటీ తేదీనాటికి ఆ మనిషికి మామూలుగా తెలిసినదేమిటో చూడాలి. తర్వాత పాతదానికీ కొత్తదానికీ తేడాలు తీసి, ఆ తేడాలు అతనికి తట్టేవేనా అని అడగాలి, జవాబు తెలిశాక వెనక్కి తిరిగి చూసే తెలివి అడ్డురాకుండా. డైపర్ల విషయంలో ఆ "మనిషి" ఒక్కడు కాకపోవచ్చు. నాన్‌వోవెన్ తెలిసినవాడు, జిగురు తెలిసినవాడు, కన్వర్టింగ్ మెషీను తెలిసినవాడు కలిసిన బృందం అని చూపగలిగితే పాత కాగితాలు కలపడం తేలికవుతుంది. అవతలివాళ్లు అతన్ని ఒట్టి ఆపరేటరు స్థాయికి దించాలని చూస్తారు.

ఈ వెనుకచూపు తెలివి ఎంత మోసం చేస్తుందో డైపరు తొడ అంచులను చూస్తే అర్థమవుతుంది. 1975లో కెనెత్ బ్యూల్ పేరిట వచ్చిన అమెరికా పేటెంటులో అంచున ఎలాస్టిక్ వేసి తొడకు పట్టేలా చేశారు. 1987లో లాసన్ పేటెంటు ఆ అంచుకు లోపల, నిలువుగా లేచి నిలబడే మరో కఫ్ (అంచు పట్టీ) పెట్టింది. ఇప్పుడు ఏ డైపరు విప్పినా రెండూ కనిపిస్తాయి గనుక, "ఒక ఎలాస్టిక్ ఉన్నచోట ఇంకోటి వేశారు, అంతేగా" అనిపిస్తుంది. కానీ పనులు వేరు. బయటిది చర్మానికి అతుక్కుని రబ్బరు వాషరులా మూసేది, లోపలిది మలాన్ని కోర్ మీదే ఆపే గోడ. గోడ నిలబడాలంటే దాని పై అంచు దారం సాగి ఉండాలి, అడుగు మాత్రం టాప్‌షీట్‌కు (చర్మానికి తగిలే పై పొరకు) అతుక్కుని ఉండాలి, రెండు చివరలు పడుకోబెట్టి అతికించాలి. చివరలు అతికించకపోతే లోపలికి ముడుచుకుపోతుంది. ఈ పేటెంటు మీద ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వేసిన దావాలో పారగన్ ట్రేడ్ బ్రాండ్స్ అనే కంపెనీ పేటెంటు చెల్లదని వాదించింది. డెలావేర్ కోర్టు 1997లో ఒప్పుకోలేదు. నష్టపరిహారం 17 కోట్ల 80 లక్షల డాలర్లు దాటడంతో 1998 జనవరిలో పారగన్ దివాలా రక్షణకు వెళ్లింది.

దానికి ఎదురుగా చూపించదగ్గది 2007 నాటి కేఎస్ఆర్ వర్సెస్ టెలిఫ్లెక్స్. కారు పెడలు కేసది. పాత కాగితమే "ఈ రెంటినీ కలపండి" అని నోరు తెరిచి చెప్పాలన్న పట్టుదల అక్కర్లేదని, పని తెలిసినవాడికి సాధారణ తెలివి ఉంటుందని అమెరికా సుప్రీంకోర్టు అంది. ఇవి మన కోర్టులను కట్టిపడేసేవి కావు, ఒప్పించడానికి మాత్రమే పనికొస్తాయి. మొదటి పేజీల్లో బిశ్వనాథ్ ప్రసాద్, రోష్ తీర్పులు పెట్టి, అమెరికావి చివర ఒక పేరాలో పెడితే చాలు.

వాదన రాసేటప్పుడు రెండు పాత పేటెంట్లను పక్కపక్కన పెట్టి "చూడండి" అనకండి. మొదటిది ఏ సమస్యను తీర్చకుండా వదిలేసిందో దాని మాటల్లోనే ఎత్తి చూపండి. రెండోది అదే సమస్యను తీరుస్తానని ఎక్కడ చెప్పిందో పేరా నంబరుతో చూపండి. కలిపేటప్పుడు మెషీను మీద ఏ మార్పు చేయాలి, అది మామూలు సెట్టింగేనా అన్నదానికి లైను నడిపిన ఇంజనీరు అఫిడవిట్ జోడించండి. ఆ ఇంజనీరు పేటెంటు చదవకముందే, సమస్య ఒక్కటే చెప్పి, "నువ్వయితే ఏం చేస్తావు" అని రాతపూర్వకంగా అడిగి, అతని జవాబు తేదీతో ఉంచుకోండి. వెనుకచూపు తెలివి అన్న ఎదురు వాదన వచ్చినప్పుడు బయటికి తీయాల్సింది ఆ కాగితాన్నే.